పాత ఆఫ్‌రోడ్ పికప్‌కి యాక్సిల్ ఎంచుకోవడం ఎలా?

పాత ఫోర్ బై ఫోర్ పికప్‌కి పెద్ద టైర్లు తొడిగి రాళ్లలోకి దించితే, ముందుగా చేతులెత్తేసేది యాక్సిలే. రాయి ఎక్కబోతుండగా తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు వస్తుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. దించి చూస్తే షాఫ్ట్ విరిగి ఉంటుంది, లేదా డిఫరెన్షియల్‌లో (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల గూడు) క్రౌన్ అనే పెద్ద గేరు పళ్లు రాలి ఉంటాయి. అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. ఒకరు డేనా 60 వేయమంటారు, ఇంకొకరు ఫోర్డ్ 9 అంగుళాలది చాలంటారు, మరొకరు 14 బోల్ట్‌ని మించింది లేదంటారు (ఇవన్నీ యాక్సిల్ రకాల పేర్లే). ఎవరి మాటా తప్పు కాదు. కాకపోతే ఎవరికి వారు తమ బండిని దృష్టిలో పెట్టుకుని చెప్పే మాటలవి.

నేను మొదటిసారి పేరు చూసే కొన్నాను. గట్టి ముందు యాక్సిల్, తక్కువగా తిరిగింది, రేషియో (పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క; పినియన్ అంటే క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) కూడా నాకు కావలసిందే. తీరా బండి కింద పెట్టి చూస్తే డిఫరెన్షియల్ ఎడమ వైపు ఉంది, ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే నా ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు అవుట్‌పుట్ కుడి వైపు ఉంది. కొనే ముందు వంగి చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. అప్పటి నుంచి ఏ యాక్సిల్ చూసినా మనసులో రెండు కుప్పలు పోసుకుంటాను: తర్వాత మార్చుకోగలిగేవి, ఎప్పటికీ మార్చలేనివి. రేషియో, లాకర్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పేది), బ్రేకులు, స్టడ్ల వరస (చక్రం బిగించే బోల్టుల అమరిక) మొదటి కుప్పలోకి వస్తాయి. డిఫరెన్షియల్ ఏ వైపు ఉంది, హౌసింగ్ ఎంత వెడల్పు, షాఫ్ట్ బరువు మోస్తుందా లేదా అన్నవి రెండో కుప్పలోకి. కొనేటప్పుడు మీ కళ్లు రెండో కుప్ప మీదే ఉండాలి. కింద చెప్పే వరసంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందు టైరు సైజు ఖాయం చేసుకోండి

యాక్సిల్ సంగతి తర్వాత. ఈ బండికి చివరికి ఏ సైజు టైరు వేస్తారో అది తేల్చుకోండి. "ఇప్పటికి 33, తర్వాత 37" అనుకుంటుంటే మీ సైజు 37 అనే రాసుకోండి.

టైరుకి ఇంత ప్రాధాన్యం ఎందుకో చిన్న లెక్క చూడండి. 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే మామూలు ఇంజిన్. మొదటి గేరు 4, ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ (నెమ్మది గేరు) 2.72, డిఫరెన్షియల్ రేషియో 4.56 అనుకోండి. వీటన్నిటినీ గుణిస్తే దాదాపు 15,000 న్యూటన్ మీటర్లు వస్తాయి. చాలా పికప్‌ల షాఫ్టులు ఇంత బలాన్ని ఒంటరిగా తట్టుకోలేవు. అయినా రోజూ విరగడం లేదంటే టైరు జారడం వల్లే. చక్రం మీద 1,000 కిలోల బరువుండి, టైరు నేలను గట్టిగా పట్టుకున్నా, 31 అంగుళాల టైరు సుమారు 3,900 న్యూటన్ మీటర్ల దగ్గర జారిపోతుంది. 37 అంగుళాల టైరైతే 4,600 దాకా పట్టుకునే ఉంటుంది. అంటే టైరు పెరిగినందుకే షాఫ్ట్ మీద 19 శాతం ఎక్కువ భారం పడుతుంది. పెద్ద టైరు బరువు వేరే.

ఒక రకంగా టైరు జారడం యాక్సిల్‌కి ఫ్యూజ్ లాంటిది. టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందంటే ఆ ఫ్యూజ్ తీసేసినట్టే, ఇంజిన్ బలమంతా షాఫ్ట్ మీదికే వస్తుంది. లాకర్ ఉండి రెండో చక్రం గాల్లో ఉంటే, ఆ యాక్సిల్‌కి వచ్చిన బలమంతా ఒక్క షాఫ్టే మోయాలి. ఎక్కువ షాఫ్టులు విరిగేది అలాంటి చోట కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కినప్పుడే.

నా లెక్క ఇది. 33 అంగుళాల దాకా డేనా 44 తరగతివి, టయోటా 8 అంగుళాలవి హాయిగా సరిపోతాయి. 35కి కూడా ఇవే నడుస్తాయి, కానీ మంచి క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు వేయాలి, తొక్కుడు అదుపులో ఉండాలి. 37, ఆపైన అయితే డేనా 60, 14 బోల్ట్ లాంటి ఒక టన్ను (పెద్ద బరువు పికప్‌ల) తరగతికి వెళ్లిపోండి. బండి బాగా బరువైనా, పెద్ద డీజిల్ ఇంజిన్ ఉన్నా ఒక మెట్టు పైది చూసుకోండి. అలాగని 33 టైర్లకి డేనా 60 వేసుకోవద్దు. అదనపు బరువు, కిందికి వేలాడే డిఫరెన్షియల్ తప్ప మీకు దక్కేదేమీ ఉండదు.

టేపు పట్టుకుని మీ బండి కొలవండి

వెతకడం మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. కాగితం జేబులోనే ఉండాలి.

మొదటిది వెడల్పు. చక్రాలు విప్పి, చక్రం ఆనే చదునైన ముఖం నుంచి అవతలి ముఖం దాకా కొలవండి. యాక్సిల్ వెడల్పు అంటే ఇదే. టైరు బయటి అంచు నుంచి కొలిచే కొలత పనికిరాదు, రిమ్ మారితే అదీ మారుతుంది. కొత్తది కొంచెం వెడల్పైనా ఫరవాలేదు, ఏటవాలు దారుల్లో బండి నిలకడగా ఉంటుంది. మరీ ఎక్కువైతే టైరు మడ్‌గార్డ్ దాటి బయటికొస్తుంది, ఇరుకు దారిలో చెట్లకు తగులుతుంది. ముందు, వెనక యాక్సిళ్లకు మధ్య ఒకటి రెండు అంగుళాలకు మించి తేడా లేకుండా చూసుకోండి. ఆ కాస్త తేడాను రిమ్ ఆఫ్‌సెట్‌తో సర్దుకోవచ్చు.

రెండోది కమాన్ కట్టల మధ్య దూరం, ఒక కట్ట మధ్య నుంచి రెండో కట్ట మధ్య దాకా. కట్ట వెడల్పు కూడా రాసుకోండి. వెనక యాక్సిల్ అయితే ఈ దూరం కలవకపోయినా పెద్ద చిక్కు లేదు, కట్ట ఆనే పాత సీట్లు కోసేసి కొత్తవి వెల్డ్ చేయొచ్చు. ముందు యాక్సిల్‌తో జాగ్రత్త. కొన్ని డేనా 60లలో డిఫరెన్షియల్ వైపు కమాన్ సీటు హౌసింగ్‌తో కలిపే పోత పోసి ఉంటుంది, అది జరగదు. కాబట్టి కట్టల దూరం అక్కడికే కుదరాలి, లేదంటే ఛాసిస్ మీది బ్రాకెట్లు జరపాలి.

మూడోది ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, దాని యూజే క్రాస్ (కొసల్లోని కీలు) సైజు. నాలుగోది స్టడ్ల వరస.

ముందు డిఫరెన్షియల్ ఏ వైపు?

సీట్లో కూర్చుని ముందుకి చూస్తే ఎడమా, కుడా? బండి కిందికి దూరి ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు అవుట్‌పుట్ ఏ వైపు ఉందో చూడండి. యాక్సిల్ డిఫరెన్షియల్ అదే వైపు ఉండి తీరాలి.

ఒక టన్ను పాత బండ్ల విషయంలో గుర్తుపెట్టుకోవడానికి: 1978, 79 ఫోర్డ్‌లలో, 1985 తర్వాతి ఎఫ్ 350లలో డేనా 60 ఎడమ వైపుకి ఉంటుంది. 1977 నుంచి 1991 దాకా వచ్చిన జీఎమ్ కే 30లలో కుడి వైపుకి. డాడ్జ్‌లలో 1993 దాకా కుడి, 1994 నుంచి ఎడమ. టయోటా పికప్‌లలో సాలిడ్ యాక్సిల్ ఉన్న 1979 నుంచి 1985 దాకా కుడి.

"తిరగేసి బిగిస్తే వైపు మారదా?" అని చాలామంది అడుగుతారు. మారుతుంది, కానీ చక్రాలు వెనక్కి తిరుగుతాయి. ఆయిల్ వెళ్లే దారీ తలకిందులవుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌నే మార్చడం ఒక్కటే అసలైన దారి, అది మరో పెద్ద పని.

ఇక్కడే ఇంకో సంగతి. పినియన్ క్రౌన్ మధ్య గీతకు పైన ఉందా, కింద ఉందా చూడండి. ముందు యాక్సిల్‌కి పైన ఉండే హై పినియన్ మేలు. వాటిలో పళ్లు ముందు యాక్సిల్ కోసమే ఎదురు వాలుగా కోసి ఉంటాయి, అందుకే బండి ముందుకి పోయేటప్పుడు పళ్ల బలమైన ముఖం మీద భారం పడుతుంది. కింద ఉండే మామూలు లో పినియన్ ముందు వేస్తే భారం పళ్ల బలహీనమైన ముఖం మీద పడుతుంది. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా రాళ్లకు దగ్గరగా వేలాడుతుంది. పైన చెప్పిన ఫోర్డ్ డేనా 60లు హై పినియన్, జీఎమ్‌వి లో పినియన్. వెనక యాక్సిల్‌కి వచ్చేసరికి ఇది తారుమారు, అక్కడ లో పినియనే బలం.

షాఫ్ట్ బరువు మోస్తుందా, లేదా?

వెనక యాక్సిల్ కొనేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది ఇదే.

సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో షాఫ్ట్‌కి రెండు పనులు: చక్రాన్ని తిప్పడం, బండి బరువు మోయడం. చక్రం నేరుగా షాఫ్ట్ కొసకే బిగించి ఉంటుంది. వీటిలోనూ రెండు రకాలున్నాయి. కొన్నిటిలో షాఫ్ట్ జారిపోకుండా లోపలి కొసన ఒక చిన్న సీ క్లిప్ పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ మధ్యలో విరిగితే క్లిప్ లోపలి ముక్కని పట్టుకుని కూర్చుంటుంది, బయటి ముక్క, డ్రమ్, చక్రం కలిసి హౌసింగ్ లోంచి బయటికి జారుకుంటాయి. బండి ఒక్కసారిగా ఒక మూలకి కూలబడుతుంది. నిదానంగా పోయే అడవి దారిలో అయితే సరే, హైవే మీద జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. రెండో రకంలో బయటి బేరింగ్ దగ్గర ఒక రిటైనర్ ప్లేట్ ఉంటుంది. ఫోర్డ్ 9 అంగుళాలది ఇలాంటిది. దీంట్లో షాఫ్ట్ లోపల ఎక్కడ విరిగినా చక్రం ఊడిపోదు.

ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువు షాఫ్ట్ మీద పడనే పడదు. హౌసింగ్ కొసన ఉండే స్పిండిల్ మీద రెండు టేపర్ బేరింగులతో హబ్ కూర్చుంటుంది, మొత్తం బరువు దానిదే. షాఫ్ట్ పని తిప్పడం మాత్రమే. గుర్తుపట్టడం తేలిక: రిమ్ మధ్యలోంచి హబ్ బయటికి పొడుచుకొచ్చి, దాని మూతికి చుట్టూ బోల్టులు కనిపిస్తాయి. దారి మధ్యలో షాఫ్ట్ విరిగిందనుకోండి. జాకీ పెట్టే పని కూడా లేదు. చక్రం నేల మీద ఉండగానే బోల్టులు విప్పి, విరిగిన షాఫ్ట్ లాగేసి, స్పేర్ తోసి, మళ్లీ బిగించి కదలొచ్చు. స్పేర్ లేకపోతే ముక్కలు తీసేసి, హబ్ నోరు మూసేసి, ముందు చక్రాల మీద మెల్లగా ఇల్లు చేరొచ్చు. ఒంటరిగా దూరాలు తిరిగే అలవాటుంటే నా మాట విని ఫుల్ ఫ్లోటింగే తీసుకోండి.

పేర్ల వెనక ఏముంది

డేనా 44: క్రౌన్ వ్యాసం 8.5 అంగుళాల పైచిలుకు, షాఫ్ట్ 30 స్ప్లైన్లు (షాఫ్ట్ కొసన గేరులో ఇమిడే పళ్లు), మందం సుమారు 1.31 అంగుళాలు. స్పేర్లు దొరకనిదంటూ లేదు. 33 టైర్ల బండికి ముందు వైపు ఇది పెట్టుకుంటే నిశ్చింత.

డేనా 60: క్రౌన్ 9.75 అంగుళాలు, ముందు లోపలి షాఫ్టులు 35 స్ప్లైన్లతో 1.5 అంగుళాల మందం. మందంలో 15 శాతం తేడాయే కదా అనిపిస్తుంది. కానీ మెలికని తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే ఉక్కు అయితే ఇది 44 కంటే ఒకటిన్నర రెట్లు గట్టిది. పాతవాటిలో స్టీరింగ్ నకుల్ (చక్రాన్ని పక్కకి తిప్పే భాగం) కింగ్ పిన్ అనే లావు పిన్ను మీద తిరుగుతుంది. ఫోర్డ్‌లో 1992 ప్రాంతం నుంచి బాల్ జాయింట్లు వచ్చాయి. పెద్ద టైర్లకి కింగ్ పిన్ దాన్నే నేను ఇష్టపడతాను: అరుగుదల తక్కువ, బాగుచేయడం తేలిక. కొన్ని పాత 60లలో బయటి చిన్న షాఫ్ట్ 30 స్ప్లైన్లదే ఉంటుంది. అది మార్చుకోగలిగే కుప్పలోది, దానికోసం మంచి హౌసింగ్‌ని వదులుకోవద్దు.

జీఎమ్ 14 బోల్ట్: వెనక్కి వేసుకోవడానికి దీనికి సాటి వచ్చేవి తక్కువ. క్రౌన్ 10.5 అంగుళాలు, ఫుల్ ఫ్లోటింగ్, పినియన్ కొసకి మూడో బేరింగ్ ఆసరా. 30 స్ప్లైన్లే అని చిన్నచూపు చూడకండి, షాఫ్ట్ మందం 1.5 అంగుళాలకు తగ్గదు. స్ప్లైన్ల లెక్క ఒక్కటీ చూసి బలం అంచనా వేయకూడదనడానికి ఇదే మంచి ఉదాహరణ. రెండు లోపాలున్నాయి. డ్రమ్ములతో కలిపి బరువు సుమారు 250 కిలోలు, మధ్యలో ఉబ్బెత్తు భాగం బాగా కిందికి వేలాడుతుంది. అందుకే దాని అడుగు కోసి చదును చేసేవాళ్లు చాలామంది. ఒక్కటి మాత్రం మరవద్దు: 14 బోల్ట్ పేరుతోనే 9.5 అంగుళాల క్రౌన్ ఉన్న సెమీ ఫ్లోటింగ్ కూడా ఉంది. మూతకి 14 బోల్టులున్నాయని చూసి డబ్బు ఇవ్వకండి, హబ్ బయటికి వచ్చి ఉందో లేదో చూడండి.

ఫోర్డ్ 9 అంగుళాలది 1957 నుంచి 1986 దాకా వచ్చింది. డిఫరెన్షియల్ మొత్తం ముందు నుంచి ఒకే ముద్దగా ఊడొస్తుంది, టేబుల్ మీద పెట్టుకుని సెట్ చేసుకోవచ్చు. 28, 31 స్ప్లైన్ల షాఫ్టులున్నాయి, 31వే చూడండి. పినియన్ బాగా కిందికి ఉండటంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరుగుతుంది, బండి ఎత్తు పెంచినవాళ్లు ఇది గమనించాలి.

చిన్న పికప్‌లకి ఎక్స్‌ప్లోరర్ బండి నుంచి వచ్చే ఫోర్డ్ 8.8 మంచి ఎంపిక. 1995 నుంచి 2001 దాకా వచ్చినవాటికి 31 స్ప్లైన్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి. సీ క్లిప్ రకం అన్న సంగతి గుర్తుంచుకోండి. టయోటా 8 అంగుళాలది కూడా ముద్దగా ఊడొచ్చే రకమే, తేలికగా ఉంటుంది, నేలకి ఎత్తుగా ఉంటుంది. ముందు వైపు బర్‌ఫీల్డ్ జాయింట్లే (పక్కకి తిరిగే చక్రానికి బలం అందించే కీళ్లు) దాని బలహీనత, వాటికి క్రోమోలీవి దొరుకుతాయి. డేనా 35 మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దనే చెబుతాను. 27 స్ప్లైన్లు, సన్నటి ట్యూబులు, సీ క్లిప్. పెద్ద టైర్లకి పుట్టింది కాదది.

రేషియో లెక్క

సూత్రం ఒక్కటే: పాత రేషియోని కొత్త టైరు వ్యాసంతో గుణించి, పాత టైరు వ్యాసంతో భాగించండి. 29 అంగుళాల టైర్లతో 3.73 ఉన్న బండికి 35 వేస్తే 4.50 వస్తుంది. దొరికేవాటిలో దగ్గరిది 4.56. ఇలా మారిస్తే టాప్ గేరు 1:1 ఉన్న బండి గంటకు 90 కిలోమీటర్ల దగ్గర సుమారు 2,450 ఆర్‌పీఎమ్‌తో పోతుంది. పాత టైర్లతో ఉన్నప్పుడు 2,420 దగ్గర ఉండేది. అంటే బండికి పాత ఊపు తిరిగొచ్చినట్టే. 3.73నే ఉంచేస్తే అదే వేగానికి 2,000కి పడిపోతుంది, చిన్న ఎత్తుకి కూడా గేరు దించాల్సి వస్తుంది. ఎక్కువగా రాళ్లలోనే తిరిగేవాళ్లు ఒక మెట్టు పైకి పోవచ్చు. మరీ ఎక్కువ రేషియోకి పోతే పినియన్ చిన్నదైపోయి బలం తగ్గుతుందని మరవకండి.

యాక్సిల్‌లో ఏ రేషియో ఉందో అమ్మేవాళ్ల మాట మీద నమ్మొద్దు. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే ఒక చక్రం కదలకుండా పట్టుకోమని, పినియన్ ఫ్లాంజ్ మీద సుద్దతో ఒక గీత పెట్టండి. రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆ లోపు గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. నాలుగూ కొంచెం అయితే 4.10, నాలుగున్నర దాటితే 4.56. మూత తీయగలిగితే పళ్లు లెక్కపెట్టండి: క్రౌన్‌కి 41, పినియన్‌కి 11 ఉంటే 3.73. 10 ఉంటే 4.10. 9 ఉంటే 4.56.

ముందు, వెనక రేషియోలు ఒకటే ఉండాలి. 4.10కి 4.09 లాంటి వెంట్రుకవాసి తేడా అయితే నడుస్తుంది. అంతకుమించి తేడా ఉండి గట్టి నేల మీద ఫోర్ బై ఫోర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. ఇంకో చిక్కు ఉంది: చాలా యాక్సిళ్లలో రేషియో ఒక హద్దు దాటితే క్రౌన్‌ని మోసే కేజ్ కూడా మార్చాలి. డేనా 44లో ఆ హద్దు 3.73కీ 3.92కీ మధ్య, డేనా 60లో 4.10కీ 4.56కీ మధ్య ఉంటుంది. లాకర్ కొనే ముందే రేషియో తేల్చుకోవాలనేది ఇందుకే. ముందు లాకర్ కొని, తర్వాత రేషియో మారిస్తే ఆ లాకర్ పనికిరాకుండా పోవచ్చు.

పాత యాక్సిల్‌ని పరీక్షించడం

ఇక్కడ తొందరపడకండి. చేతి తొడుగులు, టార్చి, టేపు, రెండు వంకర లేని ఇనుప పట్టీలు తీసుకెళ్లండి.

ముందు డ్రెయిన్ ప్లగ్ విప్పండి, ప్లగ్ లేని రకమైతే ఫిల్లర్ లోంచి వేలు పెట్టి కాస్త ఆయిల్ తీయండి. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు, ఏళ్ల తరబడి తిరిగిన ప్రతిదానిలో ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. వెన్నలా జారితే సరే. గరుకుగా తగిలినా, గోటికి రేకు ముక్కలాంటిది గుచ్చుకున్నా పళ్లో బేరింగులో పోతున్నాయన్నమాట. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, బ్రీదర్ (గాలి రంధ్రం) మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. అలాంటి యాక్సిల్ కొంటే బేరింగుల ఖర్చు కలుపుకునే కొనండి. మీ కొత్త యాక్సిల్‌కి బ్రీదర్ పైపుని ఇంజిన్ దగ్గరి దాకా ఎత్తుగా లాక్కోండి.

తర్వాత హౌసింగ్ వంగిందా చూడాలి. వెనక యాక్సిల్‌కి రెండు వైపులా చక్రం ఆనే ముఖం మీద ఇనుప పట్టీలు అడ్డంగా బిగించి, ముందు కొసల మధ్య, వెనక కొసల మధ్య దూరాలు కొలవండి. పట్టీలు నిలువుగా పెట్టి పైన, కింద కొలవండి. షాఫ్టులు సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. తేడా షాఫ్టుతో పాటు తిరిగితే వంకర ఫ్లాంజ్‌ది, అలాగే ఉండిపోతే హౌసింగ్‌ది. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే నేను వదిలేసి వస్తాను. ముందు యాక్సిల్‌కి చక్రాలు పక్కకి తిరుగుతాయి కాబట్టి ఇది కుదరదు. షాఫ్టులు తీసి ట్యూబులోకి టార్చి వేసి చూడాలి.

ఆ తర్వాతవి త్వరగా అయిపోతాయి. పినియన్‌ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే కదలకూడదు. క్రౌన్ పళ్ల మధ్య ప్లే 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండాలి, చేతికి చిన్న టిక్కు మాత్రమే తగులుతుంది. స్పిండిల్ మీద గోరు పెట్టి గీకితే గాడి తగలకూడదు. డేనా అయితే పక్కటెముకల్లాంటి పోత మీద 44, 60 అని అచ్చు ఉంటుంది, ట్యూబు మీద కొట్టిన నంబరు రాసుకుంటే పార్టులు కొనేటప్పుడు పనికొస్తుంది.

హబ్ నుంచి హబ్ దాకా పూర్తిగా కొనండి

ఉత్త హౌసింగ్ చవగ్గా వస్తుందని ఆశపడకండి. నకుళ్లు, కాలిపర్లు, రోటర్లు, హబ్ లాకులు, స్టీరింగ్ ఆర్ములు, చివరికి వాషర్లు కూడా విడివిడిగా వెతికితే హౌసింగ్ ధరని దాటిపోతాయి. పాత డేనా 60 ముందు యాక్సిళ్ల భాగాలు కొన్ని వెతికినా తొందరగా దొరకవు.

స్టడ్ల వరస చూసుకోండి. టయోటా పికప్‌లవి, జీఎమ్ అర టన్నువి ఆరు స్టడ్లు, 139.7 మిల్లీమీటర్ల వలయం. ఒక టన్ను పాతవాటికి ఎనిమిది స్టడ్లు, 165.1 మిల్లీమీటర్లు. కొత్త ఫోర్డ్ సూపర్ డ్యూటీలవి ఎనిమిదే కానీ 170. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి, రిమ్ మాత్రం కూర్చోదు. బలవంతంగా బిగించే ప్రయత్నం వద్దు.

బ్రేకులు మారితే మాస్టర్ సిలిండర్ సంగతి చూడాలి. పెద్ద కాలిపర్లకి పాత చిన్న బోర్ సిలిండర్ చాలినంత ఆయిల్ తోయలేదు, పెడల్ నేల దాకా పోతుంది. వెనక డిస్కులు పెడితే ముందు, వెనక బ్రేకు బలం పంచే వాల్వ్ కూడా సర్దాలి. 14 బోల్ట్‌కి డిస్కులు పెట్టేవాళ్లు చాలామంది హ్యాండ్ బ్రేక్ వదిలేస్తారు. ఏటవాలులో బండి ఆపి దిగాల్సిన మనుషులం మనం, అది వదలొద్దు.

బిగించే ముందు

వెనక కమాన్ సీట్లు ముందు టాక్ (చిన్న చుక్క వెల్డు) మాత్రమే వేయండి. బండి బరువంతా చక్రాల మీద దించి, పినియన్ కోణం చూసుకుని, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయండి. రెండు కొసలా ఒక్కో క్రాస్ ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ అయితే పినియన్, ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ సమాంతరంగా ఉండాలి. పైన డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాసులున్నది) ఉంటే పినియన్ నేరుగా దాని వైపే చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచితే లోడు మీద సరిగ్గా వస్తుంది. ముందు యాక్సిల్‌లో పినియన్‌ని పైకి తిప్పితే క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలుతుంది. నాలుగు నుంచి ఆరు డిగ్రీల క్యాస్టర్ దక్కాలంటే కొన్నిసార్లు కొసల్లోని నకుల్ పట్టులు కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. ఆ పనిని, పోత ఇనుము మధ్యభాగానికి ట్యూబులు వెల్డ్ చేసే పనిని అనుభవం ఉన్న వెల్డర్‌కే అప్పగించండి. పోత ఇనుముని ముందు వేడి చేయకుండా వెల్డ్ చేస్తే చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి.

కొత్త క్రౌన్, పినియన్ వేయించి ఉంటే మొదటి రోజు పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా నడిపి, బండి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగొద్దు, రాళ్లలోకి దించొద్దు. అది పూర్తవగానే ఆయిల్ మార్చి, మూత తీసి ఉండగానే పళ్ల మీద అరుగుదల గుర్తు చూసుకుని, యూ బోల్టులన్నీ టార్క్ రెంచితో మరోసారి బిగించండి.